టొరంటో, ఒట్టావా: స్టాన్లీ కప్ దారిలో

టొరంటో వెళ్లిన మనవాళ్లు సీఎన్ టవర్, నయాగరా చూసి తిరిగొచ్చేస్తుంటారు. నన్నడిగితే ఒక పూట హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ కోసం అట్టేపెట్టుకోవాలి. ఐస్ హాకీ ఆట తెలియకపోయినా ఫరవాలేదు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను అక్కడ దగ్గర నిలబడి చదవాలి. ఏటేటా కొత్త కప్పు చేయించరు, ఉన్నదాని మీదే గెలిచిన ఆటగాళ్ల పేర్లు చెక్కుతూ పోతారు.

యాంగ్, ఫ్రంట్ వీధుల మూలన 1885లో కట్టిన బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ భవనంలోకి ఈ మ్యూజియం 1993లో వచ్చింది. యూనియన్ స్టేషన్‌లో దిగితే భూగర్భ నడకదారిలోనే చేరుకోవచ్చు. చలికాలంలో పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది పెద్ద సుఖం.

లోపలికి వెళ్లగానే అందరూ రంగుటద్దాల గోపురం కిందున్న పెద్ద కప్పు దగ్గరికే పరుగెడతారు. ముందు పాత బ్యాంకు ఖజానా గదిలోకి వెళ్లండి. 1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ పది గినీలు (పాత బ్రిటిష్ డబ్బు లెక్క) పెట్టి కొనిచ్చిన అసలు వెండి గిన్నె అక్కడుంది. ఇంత చిన్నదా అనిపిస్తుంది. 1893లో మొదటిసారి మాంట్రియల్ జట్టు గెలిచింది. ఆ ఏడే స్టాన్లీ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తన పేరుతో వెలిసిన కప్పు కోసం జరిగిన పోటీ ఒక్కటీ ఆయన చూడలేదు. నాకు మనసు చివుక్కుమన్నది అక్కడే.

గిన్నె పెళుసుబారడంతో 1963లో మాంట్రియల్ వెండి పనివాడు కార్ల్ పీటర్సన్ మరొకటి చేశాడు. గెలిచినవాళ్లు ఎత్తుకునే కప్పు పైన ఉండేది ఆ గిన్నే. మొత్తం కప్పు బరువు పదిహేనున్నర కిలోలు, ఎత్తు దాదాపు 90 సెంటీమీటర్లు. అది ఊళ్లు తిరగడానికి వెళ్లినప్పుడు 1993లో చేసిన నకలు పెడతారు కాబట్టి, ఆ రోజు ఏది ఉందో సిబ్బందిని అడగండి. తాకనిస్తారు, ఫొటో తీసుకోనిస్తారు. కప్పు గెలవాలని ఆశపడే ఆటగాళ్లు మాత్రం గెలిచేదాకా దాన్ని ముట్టుకోరు.

కింది భాగంలో అయిదు వెండి పట్టీలుంటాయి. ఒక్కో దాని మీద సాధారణంగా 13 ఏళ్ల విజేతలు పడతారు. అన్నీ నిండితే పైదాన్ని ఊడదీసి ఖజానాలో పెట్టి, కింద కొత్తది బిగిస్తారు. 2018లో అలా 1954 నుంచి 1965 వరకున్న పట్టీ దిగిపోయింది. టొరంటో జట్టు మేపుల్ లీఫ్స్ చివరిసారి గెలిచిన 1967 ఇప్పుడు అన్నిటికన్నా పై పట్టీలో ఉంది. ఇప్పుడు చెక్కుతున్న పట్టీ నిండాక అదీ దిగిపోవాల్సిందే. సొంత ఊళ్లో ఆ వరుస వెతుక్కుంటూ నిలబడే ముసలి అభిమానులను చూస్తే ఎంత ప్రేమో అర్థమవుతుంది.

కప్పు మీద అచ్చుతప్పులు వెతకడం పిల్లలకు భలే సరదా. 1972లో 'బోస్టన్' జట్టు పేరులో రెండు 'ఓ'లకు బదులు రెండు 'క్యూ'లు పడ్డాయి. 1981లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు పేరులో ఒక అక్షరమే ఎగిరిపోయింది. 1984లో ఎడ్మంటన్ జట్టు యజమాని, జట్టుతో సంబంధం లేని తన తండ్రి పేరు చేర్పిస్తే, దాని మీద వరసగా 'ఎక్స్'లు కొట్టించారు. 2005లో ఆట జరగనేలేదు, ఆ మాట కూడా చెక్కి ఉంది. 1919లో సియాటిల్‌లో ఫ్లూ వల్ల ఫైనల్స్ మధ్యలో ఆగిపోయాయి. మాంట్రియల్ ఆటగాడు జో హాల్ ఆ జబ్బుతోనే చనిపోయాడు.

బస విషయానికొస్తే, స్టేషన్ ఎదురుగా 1929 నాటి రాయల్ యార్క్ ఉంది, హోదాకు తగ్గట్టే ధర. నేను డౌన్‌టౌన్‌లోనే ఓ చిన్న హోటల్లో దిగాను. గది శుభ్రమే కానీ ఖాళీ చేశాక సామాను ఉంచడానికి విడిగా డబ్బులడిగారు. బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో చుట్టాలుంటే అక్కడుండి 'గో' అనే లోకల్ రైల్లో రావడం మేలు. భోజనానికి సెయింట్ లారెన్స్ మార్కెట్ నడక దూరమే, సోమవారం మాత్రం మూత.

వీలుంటే 'వయా' అనే దూరప్రయాణపు రైల్లో ఒట్టావా వెళ్లండి, నాలుగున్నర గంటలు పడుతుంది. స్పార్క్స్ వీధిలో 2017లో కట్టిన స్టాన్లీ కప్ స్మారకం ఉంది, టికెట్ లేదు, ఏ వేళైనా చూడొచ్చు. దగ్గర్లోనే రిడో కాలువ. 1905లో గెలిచిన సంబరంలో ఒట్టావా ఆటగాళ్లు కప్పును ఆ కాలువలోకి తన్నారని చెప్పుకుంటారు. స్మారకం ఒక్కదాని కోసమైతే అంత దూరం అక్కర్లేదు. పార్లమెంటు కొండతో కలిపి చూస్తేనే ఆ రైలు ఖర్చు గిట్టుబాటవుతుంది.