పైడికంటి గోల, పెద్ద గూబ కూత

మా కడప దిక్కు పొద్దుగూకితే వినబడే గుడ్లగూబల్లో రెండింటి తీరు పూర్తిగా వేరు.

ఊళ్లో చింతచెట్టు తొర్రలో ఉండే పైడికంటి జానెడు పిట్ట, 21 సెంటీమీటర్లు. ఒకటి కీచుమని మొదలుపెడితే జంటది అందుకుంటుంది. ఇక చెట్టంతా గోలే.

పెద్ద గుడ్లగూబ మూరెడుకు పైనే ఉంటుంది. గండికోట కాడ పెన్నా లోయలో కనిపించేలాంటి రాతి చరియలు దాని ఇష్టం. బండ అంచున కూర్చుని 'బు-వూ' అని బొంగురుగా, తెరపిచ్చి కూస్తుంది. కీచు గొంతు కొమ్మల్లోనే చెదిరిపోతుంది, బొంగురు గొంతు చాలా దూరం పోతుంది. ఇది నా జాగా అని దూరాన్నుంచే చెప్పేస్తే పోట్లాట తప్పుతుంది. కూసినప్పుడల్లా గొంతు కింది తెల్లమచ్చ ఉబ్బుతుంది. మసకలోనూ అది తెలుస్తుంది.

వినడం నేర్చుకోవడానికి పైడికంటి మేలు, ఇంటి దగ్గరే దొరుకుతుంది. హద్దు కాపాడుకోవడం ఎట్లుంటుందో చూడాలంటే నా మనసు పెద్ద గూబ మీదే. ఫిబ్రవరి సాయంత్రాలు మంచి అదును. ఫోన్లో రికార్డు కూత మాత్రం పెట్టొద్దు. పరాయిది చొరబడిందనుకుని పాపం గూడు వదిలి వస్తుంది. చావుకూత అంటూ రాళ్లూ వేయొద్దు, అది పిలిచేది మనల్ని కాదు.