రాయగడ, పర్లాకిమిడి వైపు ఉద్యోగం దారి మార్చాలంటే ఎవరిని అడగడం మేలు?

పేపర్ మిల్లులో కాంట్రాక్టు ఫిట్టరు, ప్రైవేటు బడిలో టీచరు, హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాసే గుమస్తా. వయసు 35 దాటింది, జీతం నాలుగేళ్లుగా కదలడం లేదు. ఇలాంటివారు సలహా కోసం వెళ్లగలిగిన చోట్లు మూడున్నాయి: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, ఫీజు తీసుకునే కెరీర్ కౌన్సెలర్, వెళ్లాలనుకున్న పనిలో ఇప్పటికే ఉన్న మనిషి. చాలామంది నేరుగా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి డబ్బు కడతారు. మా లెక్కలో అది చివర్న రావాలి.

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఉన్నవాళ్లకు అభిరుచి కంటే ముందు అర్హత తేలాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి, మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా పాసైన రుజువు చూపాలి. సరిహద్దుకు ఆంధ్రవైపున్న పాతపట్నంలో తెలుగు మీడియం చదివి పర్లాకిమిడిలో స్థిరపడినవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. అవతల ఆంధ్రలో లోకల్ అర్హత (ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికుల వాటాకు అర్హత) ప్రధానంగా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది, తాతల ఊరు శ్రీకాకుళం జిల్లా అయినంత మాత్రాన సరిపోదు. ఒక రాష్ట్రం ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్‌తో ఇంకో రాష్ట్రప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ రాదు. విశాఖలో కూర్చున్న కౌన్సెలర్‌కు ఒడియా నిబంధన తట్టకపోవచ్చు, భువనేశ్వర్‌లో ఉన్నాయనకు ఆంధ్ర లోకల్ లెక్క తట్టకపోవచ్చు.

అందుకే మొదటి అడుగు జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్. ఖర్చు లేదు. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు కూడా ఉచితమే, హెల్ప్‌లైన్ నంబరు 1514. ఏళ్లుగా వెల్డింగో తాపీపనో చేస్తూ చేతిలో కాగితం లేనివారు ‘రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్’ గురించి అడగండి: వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అది. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలంటే జిల్లా లీడ్ బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ (ఆర్‌సెటీ)లో శిక్షణ ఉచితం. ఎక్స్ఛేంజ్‌లో లోటు ఒకటే, మీ కోసం కూర్చుని ఆలోచించే తీరిక అక్కడ దొరకదు. ప్రశ్నలు రాసుకుని వెళితేనే పని అవుతుంది.

రెండోది, పనిలో ఉన్న మనిషి. దామన్‌జోడిలోని నాల్కో అల్యూమినియం కంపెనీలోనో సునాబెడాలోని హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలోనో 20 ఏళ్ల కింద చేరినాయన చెప్పేది ఆనాటి సంగతి. ఆయన పర్మనెంటు, ఇప్పుడు చేరేవారు కాంట్రాక్టరు కింద ఉండవచ్చు. కాబట్టి గత 3 ఏళ్లలో చేరిన ఇంకొకరినీ తప్పకుండా అడగండి. జీతమెంత అని ఆపేయకుండా పీఎఫ్ పోను చేతికెంత వస్తోంది, జీతమిచ్చేది కంపెనీయా కాంట్రాక్టరా, నెలలో నైట్ షిఫ్టులెన్ని అని అడగండి. నిజమైన లెక్క ఇక్కడే దొరుకుతుంది.

ఈ రెండూ అయ్యాక కూడా రెండు దారుల మధ్య తేల్చుకోలేకపోతే కౌన్సెలర్‌కు డబ్బు కట్టడంలో అర్థముంది. మంచి కౌన్సెలర్ మొదటిసారి కూర్చున్నప్పుడు మీ పని చరిత్ర వింటారు, రెండోసారి పరీక్ష పెట్టి ఫలితం మీతో చర్చిస్తారు, మూడోసారి తేదీలతో రాసిన ప్రణాళిక చేతికిస్తారు. పరీక్ష ఒక్కటి పెట్టి 20 పేజీల రిపోర్టు మెయిల్ చేసేవారు వద్దు. ఈ పరీక్షల్లో ఎక్కువమంది వాడేది మనస్తత్వ శాస్త్రవేత్త హాలండ్ ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసిన పద్ధతి. అది ఇష్టాన్ని కొలుస్తుంది, సామర్థ్యాన్ని కాదు. ప్రశ్నలు ఇంగ్లీషులోనే ఉంటే అర్థం కాని చోట ఊహించి టిక్ పెడతారు, దాంతో ఫలితమే తప్పుతుంది. తెలుగులోనో ఒడియాలోనో నోటితో వివరించి అడుగుతారా, పదో తరగతి పిల్లల పరీక్షే పెద్దవాళ్లకూ పెడుతున్నారా, ఏ కాలేజీ నుంచైనా కమీషన్ వస్తుందా అని ముందే అడగండి. ఉద్యోగం గ్యారంటీ అంటూ మొత్తం ఫీజు ముందే అడిగితే వెంటనే లేచి రండి.

ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక కాగితం వెంట ఉండాలి. గత 10 ఏళ్లలో చేసిన పనులు, ఇంటికి నెలకు కావలసిన కనీస మొత్తం, జీతం లేకుండా గడపగల నెలలు, రోజూ వెళ్లి రాగల దూరం. పదవి పేరుతో సరిపెట్టకండి: ‘సూపర్‌వైజరు’ అని కాకుండా ‘12 మంది హాజరు, స్టాకు రిజిస్టరు చూశాను’ అని రాయండి. బయలుదేరే ముందు సర్టిఫికెట్లలో పేరు సరిచూసుకోండి. మన మార్కుల షీటులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుండవచ్చు, ఆధార్‌లో పూర్తిగా ఉండవచ్చు, ఒడిశా కాగితాల్లో చివరికి వెళ్లవచ్చు. దరఖాస్తు ఆగేది చాలాసార్లు దీనికే. దిద్దించడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ పని ఈరోజే మొదలుపెట్టండి.