ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్న క్యాసెట్టు: ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్'

ఈ క్యాసెట్టు గురించి అందరికీ తెలిసిన సంగతులు మళ్ళీ రాయను. 1986లో వచ్చింది, మాటలున్న పాటలు లేవు, త్యాగరాజస్వామికీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితం. అంతే చాలు. నేను రాయాలనుకున్నది అందులోని ఒక్క విషయం గురించి: సోలో వయొలిన్. అది వాయించింది వి.ఎస్. నరసింహన్ గారు. ఆయన పేరెత్తకుండా ఈ ఆల్బమ్‌ని ఎవరైనా పొగిడితే నాకు ఇప్పుడు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. చాలా ఏళ్ళు నేనూ అలాగే పొగిడాను.

1987లో తిరుపతి గాంధీరోడ్డులో కొన్నాను. అప్పటికి వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడేళ్ళు. అంగడాయన క్యాసెట్టు చేతికిచ్చే ముందే చెప్పాడు: "స్వామీ, ఇందులో బాలు పాటల్లేవు, జానకి పాటల్లేవు. రేపొచ్చి వాపసు తీసుకోమంటే కుదరదు." ఆ రాత్రి గదిలో మొదటిసారి విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మా గురువుగారు నేర్పిన శంకరాభరణం రాగం వేరు, ఇక్కడ వినపడే పాశ్చాత్యుల మేజర్ స్కేలు వేరు అనుకునేవాణ్ణి. రెండూ ఒకే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చని ఆ రాత్రే తెలిసింది.

ఆ తర్వాత చిత్తూరు వచ్చేసి ఆర్కెస్ట్రాలో చేరాను. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, గంగజాతరలు, వినాయక చవితి పందిళ్ళు. మేం వాయించినవాటిలో సగానికి పైగా రాజాగారి పాటలే. చిత్తూరు వాళ్ళకి మద్రాసు పరాయి ఊరు కాదు, అక్కడ కొత్త పాట వస్తే వారం తిరక్కుండా ఇక్కడ స్టేజీ మీద అడిగేవాళ్ళు. ఆ రోజుల్లో నా వాదన ఒక్కటే: "రాజాగారు ప్రతి స్వరం కాగితం మీద రాసిస్తారు. వాయించేవాళ్ళ పని చదవడమే. ఆ కాగితం నా ముందు పెట్టు, నేనూ వాయిస్తాను." ఈ మాట ఎంతమందితో అన్నానో లెక్కలేదు.

ఇక టేపు తెగిన కథ. 1991 వేసవి, కట్టమంచిలో మా ఇల్లు. బావ తెచ్చిన టూ-ఇన్-వన్‌లో 'ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్' నడుస్తోంది. ఉన్నట్టుండి వోల్టేజీ పడిపోయింది. వయొలిన్ గొంతు దిగిపోతూ దిగిపోతూ మూలిగి ఆగింది. కరెంటు మళ్ళీ ఒక్కసారిగా ఎక్కేసరికి లోపల రబ్బరు చక్రం టేపును చుట్టేసుకుంది. మూత తెరిస్తే రాలేదు. స్క్రూలు విప్పి, చక్రానికి చుట్టుకున్నదాన్ని ఒక్కో చుట్టూ వేలిగోరుతో విడదీసి బయటికి తీసేసరికి గంట పట్టింది. బయటపడ్డది టేపులా లేదు, కుచ్చిళ్ళు పెట్టిన చీర అంచులా ఉంది. గోరువెచ్చటి గిన్నె అడుగుతో రుద్ది చూశాను, సాపు కాలేదు. చివరికి నలిగిన మేర బ్లేడుతో కోసేసి, రెండు కొసలూ అద్దం మీద ఎదురెదురుగా పెట్టి, వెనకవైపు సెల్లో టేపు అంటించి, పక్కలు కత్తిరించి, పెన్సిలుతో చుట్టేశాను. కోసేసింది మూరెడు. క్యాసెట్టులో టేపు సెకనుకు అయిదు సెంటీమీటర్ల కంటే కాస్త తక్కువ నడుస్తుంది. అంటే తొమ్మిది సెకన్లు పోయాయి. ఇటువైపు తొమ్మిది, అటువైపు కూడా తొమ్మిది.

రెండో క్యాసెట్టు కొనుండొచ్చు. కొనలేదు. అప్పటికి అది అంగళ్ళలో కనపడటం తగ్గిపోయింది, మద్రాసు వెళ్ళిన ప్రతిసారీ వేరే పనులు అడ్డం వచ్చాయి. అతుకు దగ్గర 'టక్' మని ఒక చిన్న శబ్దం, ఆ వెంటనే వయొలిన్ కొంచెం ముందుకు దూకి ఉంటుంది. కొన్నాళ్ళకి నా చెవికి ఆ దూకుడే అసలు బాణీ అయిపోయింది. స్వరాలు చెవితో పట్టి నోటుబుక్కులో సరిగమల్లో రాసుకుని సాధన చేసింది కూడా ఆ అతుకుతోనే.

2006లో అనుకుంటా, పలమనేరు రోడ్డులో ఒక కల్యాణ మండపం. పెళ్ళివాళ్ళకి మద్రాసులో చుట్టాలు, అందుకని అక్కడినుంచి నలుగురు వాద్యగాళ్ళని పిలిపించి మా ఆర్కెస్ట్రాతో కలిపారు. వాళ్ళలో అరవై దాటిన ఒక వయొలిన్ ఆయన ఉన్నారు. ప్రోగ్రాం అయ్యేసరికి ఒంటిగంట. భోజనాల హాల్లో పెరుగన్నం తిని చేతులు కడుక్కున్నాక, ఆయన ముందు నా బాఖ్ వాయించి చూపించాలని బుద్ధి పుట్టింది. సినిమా పాటల కోసం నా వయొలిన్ నాలుగు తీగల్నీ ఎప్పుడో పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ కి కట్టేసుకున్నాను, కాబట్టి శ్రుతి సమస్య లేదు. వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఒకచోట చెయ్యి ఎత్తి ఆపారు.

"తంబీ, ఇక్కడేదో ఎగిరిపోయిందే."

టేపు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నా చేతిలోంచి వయొలిన్ తీసుకుని గడ్డం కింద పెట్టుకుని, పోయిన చోటు వాయించారు. బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసిన మూడో పార్టిటాలోని ప్రెల్యూడ్, అంటే మొదటి ముక్క అది, ఇ మేజర్, అందులో మన లెక్కలో ఇ అంటే షడ్జం. ఆ చోట ఒకే షడ్జం మళ్ళీ మళ్ళీ వస్తుంది, కానీ ఒకే తీగ మీద కాదు. ఒకసారి ఖాళీ ఇ తీగ, ఇంకోసారి పక్కన ఎ తీగ మీద వేలు పెట్టి అదే స్వరం, వాటి మధ్యలో వేరే స్వరాలు నడిచిపోతుంటాయి. స్థాయి ఒకటే, రంగు రెండు. ఖాళీ తీగది స్టీలు గ్లాసు మీద చెంచా తగిలినట్టుంటే, వేలు పెట్టినది అదే గ్లాసుని అరచేత్తో పట్టుకుని కొట్టినట్టుంటుంది. నేను ఆయన మణికట్టునే చూస్తున్నాను. భుజం కదలడం లేదు, మోచెయ్యి కదలడం లేదు. మణికట్టు ఒక్కటే అగ్గిపుల్ల మందం కిందికీ పైకీ ఊగుతోంది. కమాను ఒక తీగ మీదినుంచి ఇంకో తీగ మీదికి పొర్లుతోంది. నా ఎదురుగా ఉన్నది ఒకే వయొలిన్, వినపడుతున్నది ఇద్దరి మాట.

నోటుబుక్కు తీసి చూపించాను. ఆ చోటుకి ముందు, తెగిపోకుండా మిగిలిన కొసన నేను రాసుకున్నది "స స స స". తప్పేం లేదు, స్వరం షడ్జమే. కానీ ఆ నాలుగు అక్షరాలు చూసి ఎవరూ ఆ శబ్దం తీయలేరు. మా కర్ణాటక పద్ధతిలో కమాను ఒక తీగ మీద నిలిపి స్వరాన్ని వేలితో ఊపుతాం. ఇక్కడ వేలు కదలదు, తీగ మారుతుంది. పదిహేనేళ్ళు నేను ఆ ముక్కని సరైన స్వరాలతో, తప్పు చేత్తో వాయిస్తూ వచ్చాను. ఆయన ఇంకో మాట అన్నారు: "నోట్ ఆయన రాశారు, సరే. ఏ తీగ మీద అన్నది వాయించేవాడి పని, అదే వాడి అన్నం."

ఆ మాట నా వాదన మొత్తాన్ని తిప్పేసింది.

ఇప్పుడు తిరుపతిలో నాకో స్నేహితుడున్నాడు, కీబోర్డు వాయిస్తాడు, వరసకి మామ అని పిలుచుకుంటాం. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ మాకిద్దరికీ ఏళ్ళ తరబడి ఇదే గొడవ. ఆయన పక్షం బలహీనమైనదేం కాదు. "దళపతి సినిమాకి మద్రాసు వాళ్ళున్నారా? బొంబాయిలో కదా రికార్డు చేసింది. తిరువాసగం ఆల్బమ్‌కి బుడాపెస్ట్ ఆర్కెస్ట్రా. కాగితం ఎవరి చేతిలో పెట్టినా వచ్చింది రాజా సంగీతమే కదప్పా!" అంటాడు. నిజమే. బొంబాయి తీగల బృందం పెద్దది, ఆ పాటల్లో నిండుదనం వేరు. అయినా రెండు లైన్లు వింటే ఎవరిదో చెప్పేయొచ్చు. అది నేను కాదనను.

నేను అడిగేది వేరు. బేస్ గిటార్ శశిధరన్, గిటార్ సదానందం, కీబోర్డు విజి మాన్యుయల్, ఫ్లూట్ నెపోలియన్, డ్రమ్స్ పురుషోత్తమన్. వీళ్ళు ఏళ్ళ తరబడి పొద్దున్నే వచ్చి రాజాగారు రాసింది చదివినవాళ్ళు. ఒకే మనిషి చేతిరాత అన్నేళ్ళు చదివినవాడికి, రాయకుండా వదిలేసింది కూడా అర్థమవుతుంది. మా ఇంట్లో అమ్మ చీటీలో "ఉప్పు" అని రాస్తే కల్లుప్పా మెత్తుప్పా అని నేను అడగను. బుడాపెస్ట్ వాళ్ళు అడగాలి.

మామకి నేను చెప్పే రెండో మాట మన కొండ మీదిదే. అన్నమయ్య సంకీర్తనలు ముప్పై రెండు వేలంటారు, రాగిరేకుల మీద దొరికినవి సుమారు పద్నాలుగు వేలు. ఒక్కో పాట మీద రాగం పేరు చెక్కి ఉంది, స్వరం లేదు. పాడే చేతులూ గొంతులూ మధ్యలో తెగిపోయాయి. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు మళ్ళీ బాణీలు కట్టాల్సి వచ్చింది. అవి గొప్ప బాణీలు, రోజూ వింటాను. కానీ అన్నమయ్య నోట వినపడింది అదేనా? మామ ఊరుకోడు: "రాగం పేరుకీ రాజాగారు గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్‌కీ పోలికేంటి? అందులో అన్నీ ఉంటాయి." చాలా ఉంటాయి. కమాను విరుపు గుర్తులు కూడా ఉంటాయి. మణికట్టు మాత్రం ఉండదు.

విడుదల కాని ఆల్బమ్ సంగతి దగ్గరికొచ్చేసరికి మామ వాదనే మామకి అడ్డం తగులుతుంది. 1993లో లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా, జాన్ స్కాట్ నిర్వహణలో, రాజాగారి సింఫనీని రికార్డు చేసింది. అది ఇంతవరకూ ఆల్బమ్‌గా బయటికి రాలేదు. మామ ఆ పేరెత్తితే చాలు కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటాడు. "మామా, కాగితమే సంగీతమైతే అది పూర్తయిపోయిందిగా, ఇంకా ఎందుకు దిగులు?" అన్నాను ఒకసారి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "వినాలిరా" అన్నాడు. 2025 మార్చి 8న లండన్‌లో రాజాగారి 'వాలియంట్' వినిపించిన వార్త వచ్చిన రోజు ఇద్దరం స్వీట్లు పంచాం. కానీ అది కొత్త సింఫనీ. పాతదాని కోసం మామ ఇంకా చూస్తున్నాడు, నేనూ చూస్తున్నాను. రాజాగారి నేపథ్య సంగీతమైతే మరీ అన్యాయం. 'అన్వేషణ' లాంటి సినిమాల్లో మాటలు లేని చోట్లు వెతికి వీడియోలోంచి కత్తిరించుకుని వింటున్నాం.

మళ్ళీ క్యాసెట్టు దగ్గరికి. ఫోన్‌లో మొత్తం ఆల్బమ్ దొరికాక, పోయిన తొమ్మిది సెకన్లూ మొదటిసారి విన్నాను. మండపంలో ఆ పెద్దాయన వాయించింది ఒక్క వయొలినే. ఇక్కడ దాని కింద మిగతా తీగలు జవాబు చెబుతున్నాయి, బాఖ్‌ది పైన, రాజాగారిది కింద. ఎవరిది గొప్ప అన్న ప్రశ్న ఆ క్షణంలో నాకు రాలేదు. ముగ్గురూ ఉన్నారు, రాసిన ఇద్దరూ, వాయించిన ఆయనా. బాధ ఏమిటంటే నేను వినే ఆప్‌లో ఆ మూడో పేరు కనపడదు. స్వరకర్త పేరు పెద్దక్షరాల్లో ఉంది, అంతే.

ఇందులో ఒక్క క్షణం కూడా తీసేయడానికి లేదని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. డ్రమ్స్, బేస్ కలిసిన కొన్ని చోట్ల ఆ కాలపు రికార్డింగు తెలిసిపోతుంది. మా అబ్బాయి హెడ్‌ఫోన్స్‌లో విని "బాగుంది నాన్నా, కానీ సినిమా టైటిల్స్‌లా ఉంది" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఒకటి రెండు చోట్ల వాడన్నది నిజమే. అలాగే, కర్ణాటక సంగీతం మాత్రమే విన్న మా గురువుగారు స్వరాన్ని ఊపే గమకాలు తక్కువయ్యాయన్నారు, ఆయన చెవికి అది లోటే.

వయొలిన్ పట్టినవాళ్ళు తప్పకుండా వినాలి. పట్టనివాళ్ళు, రాజాగారి పాటలతో మాత్రమే పెరిగినవాళ్ళు, ముందు హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువున్న 'నథింగ్ బట్ విండ్' వింటే తొందరగా దగ్గరవుతుందేమో. నా మాట పూర్తిగా నమ్మొద్దు. నేను ఏళ్ళపాటు విన్నది అతుకున్న టేపు, వినడం మొదలుపెట్టింది పంతొమ్మిదేళ్ళ వయసులో, శంకరాభరణం పాఠం మధ్యలో. వేరే వయసులో, వేరే ఊళ్ళో, బాగున్న టేపు మీద విని ఉంటే నాకూ ఇంతగా పట్టేదో లేదో.

క్యాసెట్టు పారేయలేదు. సెల్లో టేపు పసుపు రంగుకి తిరిగింది, అయినా ఇంకా పట్టుకునే ఉంది. నెలకోసారి వేస్తాను. అతుకు దగ్గర 'టక్' మనగానే నా ఎడమచెయ్యి దానంతటదే ఎ తీగ మీదికి పోతుంది, పోయిన ఆ తొమ్మిది సెకన్లూ గాల్లోనే వాయిస్తాను.