ఎడిసనా, అశోక్ నగరా: ఏది మేలు?

మా బామ్మర్దికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. పదేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాడు, ఎడిసన్‌లోనే, మేమున్న పాత ఇంటికి నాలుగు వీధుల అవతల. "బావా, నువ్వు రెండూ చూశావు. సినిమాలు, పుస్తకాలు, పిల్లలు, ఇల్లు, అన్నీ కలిపి చెప్పు. ఏది మేలు?" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. జీతం సంగతి అడగలేదు. దానికి వాడి దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది.

నేను అక్కడ పదకొండేళ్లున్నాను. ఇక్కడ చెన్నై అశోక్ నగర్‌కి వచ్చి మూడేళ్లు. మాది నెల్లూరు. చిన్నప్పుడు కళ్లజోడు మార్చాలన్నా, పెళ్లికి పట్టుచీరలు కొనాలన్నా మద్రాసు రైలెక్కడమే. అందుకని చెన్నై అంటే సగం మన ఊరే అనుకుని వచ్చాను. వచ్చాక తెలిసింది, ఇక్కడా మేము ప్రవాసులమేనని. వీసా స్టాంపింగ్ గొడవ లేదు, అంతే తేడా.

వాడికి సినిమా పిచ్చి కాబట్టి ముందు దాని సంగతే చెప్పాను. సినిమాల్లో ఎడిసన్‌దే పైచేయి, ఇందులో మొహమాటమేమీ లేదు. అక్కడ ప్రీమియర్లు గురువారం సాయంత్రమే పడతాయి. ఎండాకాలంలో అక్కడ ఏడు గంటలంటే నెల్లూరులో శుక్రవారం తెల్లవారుజాము నాలుగున్నర. మా నాన్న పాలపాకెట్‌కి బయల్దేరే వేళకి నేను ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ లైన్లో ఉండేవాణ్ణి. అక్కణ్ణుంచే మా తమ్ముణ్ణి నిద్ర లేపి "ఫస్టాఫ్ అదిరిందిరా" అని చెప్పడంలో ఒక గొప్ప. సెకండాఫ్ చూశాక మళ్లీ ఫోన్ చేయని రోజులే ఎక్కువ. పెద్ద హీరో సినిమా అయితే ఒక్కో టికెట్‌కి పాతిక డాలర్లు పెట్టిన రోజులున్నాయి. ఇంటికి వచ్చి దాన్ని రూపాయల్లోకి మార్చకూడదని మా ఇంట్లో రూలు.

ఇక్కడ టికెట్ ధరలకి ప్రభుత్వం పరిమితి పెట్టింది, మామూలు మల్టీప్లెక్స్‌లో రెండొందల లోపే. కానీ ఆటలెన్ని? పెద్ద సినిమా అయితే తెలుగుదీ వేస్తారు, తమిళ డబ్బింగూ వేస్తారు, డబ్బింగ్‌కే మంచి టైములు ఇస్తారు. చిన్న సినిమా అయితే ఊరి అవతల ఏదో మాల్‌లో రాత్రి పదింటికి ఒక్క ఆట. వారం ఆగుదాంలే అనుకుంటే అదీ ఉండదు. ఓటీటీలో వచ్చేదాకా ఆగాలి. అప్పటికి సినిమా గురించి మాట్లాడుకోవడం అందరూ మానేసి ఉంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఎడిసన్ ఇవ్వలేనిది ఇక్కడ దొరికింది. మా ఇంటికి దగ్గర్లో వడపళనిలో ఒక మాల్ ఉంది, పైన మల్టీప్లెక్స్. ఆ నేల ఒకప్పటి విజయ వాహినీ స్టూడియోది. నాగిరెడ్డి, చక్రపాణి సినిమాలు తీసిన చోటు, ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియోల్లో ఒకటని పేరు. నెల్లూరులో చిన్నప్పుడు చందమామ అందగానే నేను కథలకంటే ముందు లోపల అచ్చు వేసిన అడ్రసు చదివేవాణ్ణి: వడపళని, మద్రాసు-26. 1947 జులైలో వాళ్లిద్దరే తెలుగు, తమిళం రెండింటిలో మొదలుపెట్టిన పత్రిక. ఆ అడ్రసు నాకు అప్పట్లో అలకాపురి లాంటిది. ఇప్పుడు మా ఇంటికి వచ్చే ఉత్తరాల మీద పిన్‌కోడ్‌కీ దానికీ కొన్ని అంకెలే తేడా. మొన్న ఆ మాల్‌లో తెలుగు సినిమా చూస్తుంటే చుట్టూ కాలేజీ కుర్రాళ్లు, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుకోవడానికి వచ్చిన మనవాళ్లే, హీరో ఎంట్రీకి పేపర్లు చించి ఎగరేశారు. ఈ సినిమాలకి పుట్టిల్లు ఈ కింద నేలేనని వాళ్లకు తెలుసో లేదో. పక్క సీటు కుర్రాడితో అందామనుకుని ఊరుకున్నాను. సినిమా మధ్యలో చరిత్ర చెప్పే అంకుల్‌ని కాదలుచుకోలేదు.

పుస్తకాల దగ్గర నా లెక్క తప్పింది. అమెరికాలో తెలుగు పుస్తకాలేం దొరుకుతాయి, చెన్నై వెళ్తే పండగే అనుకున్నాను. నిజానికి పాత తెలుగు పుస్తకాలు నేను ఎక్కువ చదివింది ఎడిసన్‌లోనే. మా వీధి లైబ్రరీలో తెలుగు షెల్ఫు లేదు. కానీ అక్కడ ఒక పద్ధతి ఉంది: మీకు కావలసిన పుస్తకం దేశంలో ఏ లైబ్రరీలో ఉన్నా సరే, అడిగితే తెప్పించి ఇస్తారు. ఒకసారి 1964లో మద్రాసులో అచ్చయిన కథల సంపుటి ఒకటి అడిగాను. రెండు వారాలకి వచ్చింది, ఎక్కడో మధ్య రాష్ట్రాల యూనివర్సిటీ ముద్రతో. తెరిస్తే కొన్ని పేజీలు అంచుల దగ్గర ఇంకా అతుక్కునే ఉన్నాయి. యాభై ఏళ్లలో ఆ పుస్తకాన్ని ఎవరూ పూర్తిగా చదవలేదన్న మాట. వంటింటి చాకు తెచ్చి మెల్లగా కోసుకుంటూ చదివాను. లైబ్రరీ పుస్తకం కోయొచ్చా అని మా ఆవిడ కంగారు పడింది.

ఆ పుస్తకం అక్కడికి ఎలా వెళ్లిందో తర్వాత తెలిసింది. అప్పట్లో మనం అమెరికా గోధుమలు కొని డబ్బు రూపాయల్లో కట్టేవాళ్లం. పీఎల్-480 అనే చట్టం కింద. ఆ రూపాయల్లో కొంత భాగంతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు మన భాషల్లో వచ్చే పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపేవారు. మా తాత రేషన్ షాపు ముందు గోధుమల కోసం నిలబడ్డ కాలం అది. ఆ గోధుమలు తిని తిట్టుకున్నవాళ్లే మా ఇంట్లో అందరూ. ఎర్ర గోధుమల వల్ల కడుపు నొప్పులొచ్చాయి అనేవాళ్లు. ఆ నొప్పుల ఫలం నేను ఎడిసన్‌లో చదివాను.

చెన్నైలో తెలుగు పుస్తకాల కొట్టు నడిచి వెళ్లే దూరంలో లేదు. జనవరిలో నందనంలో పెద్ద పుస్తకాల సంత జరుగుతుంది. ఎంత బాగుంటుందంటే, తమిళం చదవడం సరిగ్గా రానందుకు ఏడుపొస్తుంది. మన పుస్తకాలు కావాలంటే జనవరి మొదట్లో విజయవాడ వెళ్లడమో, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో. అయితే ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. తెలుగు పుస్తకాలూ ఆ లెక్కలోవే. అశోక్ నగర్ నుంచి మెట్రోలో మారకుండా వెళ్లొచ్చు. ఈ మూడేళ్లలో నేను వెళ్లింది రెండుసార్లు. తప్పు లైబ్రరీది కాదు. ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకునే చోటికి మనం వెళ్లం కదా.

పిల్లల తెలుగు గురించి వాడు గట్టిగా అడిగాడు, వాడికి ఆరేళ్ల కూతురుంది. మావాడు ఎడిసన్‌లో ప్రతి ఆదివారం తెలుగు బడికి వెళ్లేవాడు. గుణింతాలు, ఒత్తులు, చిన్న చిన్న పద్యాలు. మా అమ్మకు ఒక పేజీ ఉత్తరం రాశాడు, తప్పులు మూడే. అదే అమ్మ ఫోన్‌లో "ఏం తిన్నావు నాయనా" అంటే ఇంగ్లిష్‌లో జవాబు. ఇక్కడ తలకిందులైంది. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం బడుల్లో పదో తరగతి దాకా తమిళం చదవాలి, కాబట్టి చదువుతున్నాడు. తెలుగు మాటలు గలగలా వస్తున్నాయి, అక్షరాలు జారిపోతున్నాయి. మొన్న సరుకుల చీటీ రాయమంటే తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాశాడు. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్న తమిళంతో నేను పైకి చదివాను: "పప్పు, ఉప్పు, పెల్లం..." వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ చివరిది కూడా కొట్లోంచి తెచ్చుకుంటారా?" అంది. వాడు రాసింది బెల్లం.

ఏది మేలంటే, నాకు వాడు మాట్లాడటమే మేలు. రాత నేను కూర్చోబెట్టి నేర్పగలను, నేర్పాలి కూడా. మాట్లాడటం అలా కాదు, దానికి చుట్టూ మనుషులుండాలి.

మనుషులంటే గుర్తొచ్చింది. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉంటుంది. మొదటి నెలంతా ఆయనతో నా ముక్కముక్కల తమిళంలోనే అవస్థ పడ్డాను. ఒకరోజు ఫోన్‌లో మా అమ్మతో మాట్లాడుతూ బట్టలిచ్చాను. "తెలుంగా సార్? ముందే చెప్పకూడదా, నేను గూడా మీతోటే మాట్లాడుతుండా గదా" అన్నాడు. నాలుగు తరాలుగా ఇక్కడేనట. ఇంట్లో తెలుగే, రాయడం మాత్రం రాదు. బట్టల మీద ఇంటి నంబరు, పక్కన గుర్తుగా తమిళ అక్షరం వేస్తాడు. ఆయన 'వస్తుండా', 'పోతుండా' అంటుంటే అచ్చం మా అవ్వే. అమెరికాలో పదకొండేళ్లలో తెలుగు సభలకి ఎన్నింటికి వెళ్లానో లెక్కలేదు. మంచి ఉపన్యాసాలు విన్నాను, మంచి భోజనాలు చేశాను. మా అవ్వ మాట మాత్రం అక్కడెక్కడా వినలేదు. మనవాళ్లు అక్కడ మైకు ముందు మాట్లాడే తెలుగుకి ఇస్త్రీ ఎక్కువ.

మిగతావి తొందరగా చెప్పేశాను. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డులో గోంగూర ఏడాదంతా దొరుకుతుంది, ఇక్కడా దొరుకుతుంది, ఇక్కడిది పుల్లగా ఉంటుంది. మంచు తవ్వక్కర్లేదు కానీ మే నెల ఉంది. నవంబరు, డిసెంబరుల్లో వాన పడితే కారు ఎత్తు ప్రదేశంలో పెట్టుకోవాలి. నీళ్ల ట్యాంకర్ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి. అయితే కుళాయిలో వచ్చే నీళ్లలో మన కండలేరు నుంచి తెలుగు గంగ కాలువలో వచ్చిన కృష్ణా నీళ్లు కూడా ఉంటాయి, అది తలుచుకుంటే బిల్లు కట్టేటప్పుడు కొంచెం బాధ తగ్గుతుంది. వీసా టెన్షన్ ఎంతో వాడికి నేను చెప్పక్కర్లేదు.

ఒకటి మాత్రం ఆగి చెప్పాను. నాన్నకు గుండెనొప్పి వచ్చినప్పుడు నేను ఎడిసన్ నుంచి నెల్లూరు చేరడానికి ముప్పై గంటలు పట్టింది. నేను వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయి ఆయన ఇడ్లీ తింటున్నాడు, "నువ్వెందుకురా రావడం" అన్నాడు. ఇప్పుడు పినాకిని ఎక్కితే మూడు గంటలు. రైలుకి టికెట్ దొరక్కపోతే సూళ్లూరుపేట దాకా లోకల్ రైలుంది. ఆరంబాక్కం దాటగానే తడ స్టేషన్, బోర్డు మీద తెలుగు. ఆ బోర్డు కనిపించగానే మావాడు పెద్దగా చదువుతాడు. రెండే అక్షరాలు కాబట్టి తప్పు పోదు.

ఇదంతా పదమూడు నిమిషాల వాయిస్ మెసేజ్ అయింది. నా లెక్కలో చెన్నైయే మేలని, కానీ మొదటి రోజు సినిమా లేనిదే బతకలేనంటే అక్కడే ఉండమని చెప్పాను. చివర్లో ఒక చిన్న పని పురమాయించాను. ఆ కథల సంపుటి, చాకుతో కోసుకుని చదివినది, సామాన్లు సర్దే గొడవలో నూట పన్నెండో పేజీ దగ్గర ఆపి తిరిగిచ్చేశాను. వాడు వచ్చేలోపు లైబ్రరీలో అడిగి తెప్పించి, మిగతా పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసి పంపమన్నాను.

మా ఆవిడ పక్కనే ఉండి అంతా విన్నది. "ఎగ్మోర్‌కి మెట్రోలో అరగంట. దానికి మా తమ్ముణ్ణి న్యూజెర్సీలో లైబ్రరీ చుట్టూ తిప్పుతారా?" అంది.