వాల్తేరులో పాత బంగ్లా తోటకి ల్యాండ్‌స్కేప్ చేయించాం: డిజైన్‌కి నాలుగున్నర స్టార్లు, లాన్‌కి ఒకటి

విశాఖ పాత వాల్తేరులో మా అమ్మ పుట్టిల్లు ఉంది, జమీందార్లూ దొరలూ సముద్రపు గాలి కోసం బంగ్లాలు కట్టుకున్న రోజుల్లోది, ఎకరం పైనే కాంపౌండు. బీచ్ రోడ్డులో జయపురం (ఒడిశాది) మహారాజా వారి హవామహల్ చూసినవాళ్లకి ఆ టైపు అర్థమవుతుంది, మాది అందులో మూలకి కూడా రాదనుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి చాలా చెట్లు పడిపోయాక తోటని ఎవరూ పట్టించుకోలేదు, ఇన్నాళ్లకి మా పెదమావయ్య కదిలి సిటీలోనే ఒక ల్యాండ్‌స్కేప్ టీమ్‌కి అప్పజెప్పారు. తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి వాళ్ల పేరు పెట్టట్లేదు.

వచ్చిన ఆర్కిటెక్ట్ అమ్మాయి మొక్కల ఫొటోల ఆల్బమ్ తియ్యలేదు, అక్కడే నాకు నచ్చేసింది. లెవెల్ పెట్టి నేల వాలు కొలిచింది, ఉన్న ప్రతి చెట్టుకీ నంబరేసి ప్లాన్ మీదకెక్కించింది, అక్కడక్కడా గోతులు తీయించి మట్టి చూసింది. ఆ గోతుల్లోనే జానెడు లోతున పాత దారి అంచురాళ్లు బయటపడ్డాయి. గేటు నుంచి పోర్టికో దాకా వచ్చి గుండ్రంగా తిరిగి మళ్లీ గేటుకే పోయే దారి, గుర్రబ్బండి వెనక్కి తిప్పుకోవాల్సిన పని లేకుండా వేసిందన్నమాట. మావయ్య అప్పటికే పేవర్ బ్లాకులకి రేటు మాట్లాడేసి ఉన్నారు. ఆ అమ్మాయి ససేమిరా అంది, పాత దారినే తవ్వించి ఎర్ర కంకర పోయించింది, ఇప్పుడు వాననీళ్లు అక్కడే ఇంకిపోతున్నాయి, కార్లు కూడా ఆ గుండ్రంలోనే తిరిగి పోతున్నాయి, అసలు ఆ ఇల్లు కొత్తగా ఏమీ పెట్టకుండానే మళ్లీ బంగ్లాలా కనిపిస్తోంది.

కానీ డబ్బులు వసూలైంది మాత్రం గాలి విషయంలో. మావయ్య సముద్రం వైపు పదడుగుల గోడ లేపేద్దాం అన్నారు. "గోడ కడితే గాలి దాన్నెక్కి ఇవతల సుడి తిరిగి పడుతుంది సార్, సందులున్న చెట్ల వరసైతే జల్లెడ పట్టినట్టు మెత్తబడుతుంది" అంది. చెట్ల వరస ఎత్తు ఎంతుంటే దానికి పది రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గుతుందట, కాగితం మీద గీసి చూపించింది. అందుకే ముందు వరసలో గన్నేరు, కాగితం పూలు, దాని వెనక మొగలి, ఆ వెనక పొన్న, చివర వేప, అంటే పొట్టి నుంచి పొడుగుకి మెట్లుమెట్లుగా, గాలి పైకి జారిపోయేలా. తురాయి, పచ్చతురాయి మళ్లీ పెట్టనివ్వలేదు, మా కాంపౌండులో తుఫానుకి మొదట పడ్డవి అవే. నిలబడినవి తాటిచెట్లు, ఒక పాత పొన్న. ఆ పొన్న విషయంలో మాలి తాత ముందే వార్నింగ్ ఇచ్చాడు, "దాన్ని ముట్టుకోకండి బాబూ, అంత తుఫానుకే కదల్లేదది, తీసేత్తే గాలంతా ఇంట్లోకే ఒచ్చెత్తాది" అని. ఆ అమ్మాయి చేసిన డిజైన్‌కీ తాత మాటకీ తేడా ఏమీ లేదు, ఆవిడ ప్లాన్‌లో గీసింది అంతే.

అత్తయ్యకి సింహాచలం సంపెంగ కావాలి, అది సముద్రం వైపు పెడితే ఉప్పుగాలికి ఆకంతా మాడిపోతుంది, అందుకని ఇంటి వెనక, నుయ్యి పక్కన గాలి తగలని చోట పెట్టారు. కడియం నర్సరీల నుంచి లారీలో దిగిన మొక్కల్ని కూడా నేరుగా పాతలేదు. గోదావరి ఒడ్డున నెట్ కింద నీడలో పెరిగినవి కదా, కొన్ని వారాలు పెరట్లోనే ఉంచి మెల్లిగా ముందుకి జరిపారు, చచ్చినవి తక్కువే.

ఇంక తిట్లు. డిజైన్ చేసిన మనిషి వేరు, పని చేయించే సైట్ సూపర్‌వైజర్ వేరు, ఆ రెండోవాడు వచ్చాక తోట ఫంక్షన్ హాల్ దారి పట్టింది. తెల్ల గులకరాళ్లు, నీళ్లు కారే బుద్ధుడు, వెనక గోడకి కోనోకార్పస్ అనే విదేశీ చెట్లు, అన్నీ తనే తెచ్చేస్తాడు. కోనోకార్పస్‌ని గుజరాత్ ప్రభుత్వం 2023లోనే నిషేధించింది, ఇక్కడ మాత్రం ఇంకా అమ్ముతున్నారు, గట్టిగా గొడవపడితే వెనక్కి తీసుకెళ్లాడు. చెట్ల కింద లైట్లు పెట్టారు, మొదటి వానాకాలానికే స్క్రూలు తుప్పు పట్టాయి. విశాఖలో సముద్రం ఎదురుగా మామూలు స్టీలు ఎవరైనా వాడతారా, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అని బిల్లులోనే రాయించుకోండి. మెయింటెనెన్స్‌కి వచ్చే కుర్రాళ్లు నెలకొకడు మారతాడు, వచ్చిన ప్రతివాడూ నూరువరహాల్ని బంతిలా కత్తిరించేస్తాడు, పువ్వు ఎక్కడ పూస్తుంది ఇంక.

లాన్ అయితే దండగే. డ్రాయింగ్‌లో చిన్న ముక్క ఉంది, సైట్ మీద అది ముందు జాగా అంతా పాకింది, మెక్సికన్ గ్రాస్ పరిచేశారు. ఎండాకాలంలో గడ్డికి చదరపు మీటరుకి రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్లు పడతాయి, మా బోరు నీళ్లేమో ఉప్పగా ఉంటాయి, మే వచ్చేసరికి అంచుల నుంచి లోపలికి పచ్చదనమంతా పోయి చాపలా తయారైంది. అడిగితే ఎరువు వెయ్యలేదు మీరు అంటారు.

ఎవరైనా ఇలాంటి పాత కాంపౌండు చేయించుకుంటుంటే డ్రాయింగ్‌కి ఒక అగ్రిమెంటు, పనికి ఇంకోటి రాయించుకోండి, డిజైన్ చేసినవాళ్లే వారం వారం సైట్‌కి రావాలని, మొక్క చస్తే ఎన్ని నెలల దాకా మార్చాలో కూడా అందులోనే ఉండాలి. మేం ఇప్పుడు ఆ అమ్మాయికే విడిగా ఫీజిచ్చి పిలుస్తున్నాం. లాన్ పీకేసి పాస్పాలమ్ గడ్డి వేస్తామని కంపెనీవాళ్లు మళ్లీ కొటేషన్ పంపారు, అది ఉప్పునీళ్లకి ఆగుతుంది నిజమే, నీళ్లు మాత్రం దానికీ కావాలి కదా, ఆవిడేమో లాన్‌ని సగానికి తగ్గించి మిగతాది కంకర దారిలో కలిపేద్దాం అంటోంది, మావయ్య ఇంకా ఏదీ తేల్చలేదు.