కూల్చకుండా ఇల్లు పెంచే ఆర్కిటెక్టులు: లకాటన్ – వసాల్ పునర్నిర్మాణాలపై సమీక్ష

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో గ్రాండ్ పార్క్ అనే కాలనీ ఉంది. 1960ల మొదట్లో కట్టిన ప్రభుత్వ అద్దె ఇళ్లు. అందులో మూడు బ్లాకులు, 530 ఫ్లాట్లు, పది నుంచి పదిహేను అంతస్తుల ఎత్తు. గదులు చిన్నవి, కిటికీలు ఇంకా చిన్నవి. ఆన్ లకాటన్, జాఁ ఫిలిప్ వసాల్ 1987లో పెట్టిన సంస్థ, ఫ్రెడెరిక్ ద్రువో, క్రిస్టోఫ్ ఉతాఁ అనే ఆర్కిటెక్టులతో కలిసి ఈ మూడు బ్లాకుల పని చేసింది. ఒక్క ఫ్లాటూ కూల్చలేదు. అద్దెకుంటున్నవాళ్లను ఖాళీ చేయించలేదు. పనయ్యాక అద్దె పెంచలేదు. 2019లో యూరప్ కట్టడాలకిచ్చే మీస్ వాన్ డెర్ రో అవార్డు దీనికే వచ్చింది. 2021లో లకాటన్, వసాల్ ఇద్దరికీ ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. బహుమతుల సంగతి అలా ఉంచి, పని ఎలా చేశారో చూద్దాం. నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

చేసింది ఇదీ. పాత బ్లాకు ముందు కొత్త పునాదులు వేశారు. వాటిమీద ప్రీకాస్ట్ (ముందే అచ్చుపోసి తెచ్చిన కాంక్రీటు) పిల్లర్లు, స్లాబులు కింది నుంచి పైకి పేర్చుకుంటూ వెళ్లారు. కొత్త భాగం బరువును పాత బిల్డింగ్ మోయదు, కొత్త పిల్లర్లే మోస్తాయి. పక్కకు ఊగకుండా మాత్రం పాతదానికి కట్టి ఉంచారు. ఒక్కో ఫ్లాటుకు 3.8 మీటర్ల లోతున్న కొత్త చోటు వచ్చింది. అందులో ఇంటి వైపున్నది మూసుకోగల వరండా, దాన్నే వాళ్లు వింటర్ గార్డెన్ అంటారు. చివరి మీటరు రెయిలింగ్ ఉన్న బాల్కనీ. ఆ తర్వాత పాత కిటికీలు, వాటి కింది గోడ తీసేసి, గది వెడల్పునా డబుల్ గ్లాస్ స్లైడింగ్ తలుపులు పెట్టారు.

ఒక్కో ఫ్లాటుకు పట్టిన కాలం 12 నుంచి 16 రోజులు. స్లాబ్ కూర్చోబెట్టడానికి అర పూట, పాత గోడ పనికి రెండు రోజులు, కొత్త ముఖానికి రెండు రోజులు, మిగతాదంతా లోపలి మరమ్మతులకు. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో ఇంత తొందరగా పని ముగియడానికి కారణం వరుస. బయట కొత్త స్లాబ్ సిద్ధమయ్యాకే పాత గోడ ముట్టుకుంటారు. అప్పుడు కోసేవాడు నిలబడేందుకు గట్టి నేల ఉంటుంది, పరంజా అక్కర్లేదు, శిథిలాలు కిందికి పడవు. ముందు గోడ తీసేసి తర్వాత స్లాబ్ వేస్తే ఆ ఇంటివాళ్లు వారాల తరబడి గాలికీ వానకీ బతకాలి.

ఆ 3.8 మీటర్ల లోతు, ఆ ఒక మీటరు బాల్కనీ ఎలా పనిచేస్తాయో ఎండ లెక్క చెబుతుంది. బోర్డోలో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 22 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణ ముఖానికి స్లాబుల మధ్య ఎత్తు రెండున్నర మీటర్లు అనుకుంటే, ఎండ ఆరు మీటర్లకు పైగా లోపలికి వస్తుంది. అంటే వరండా దాటి గదిలోకి రెండు మీటర్లకు పైగా పడుతుంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు 68 డిగ్రీల పైన ఉంటాడు, అప్పుడు ఎండ ఒక మీటరు దగ్గరే ఆగిపోతుంది. సరిగ్గా బాల్కనీ వెడల్పు! చలికాలంలో వరండా కాంక్రీటు నేల పగలంతా వేడి పీల్చుకుంటుంది. రాత్రి ఆ వేడి జారిపోకుండా వరండాకీ గదికీ మధ్య మందపాటి పరదా లాగుతారు. వేసవిలో వరండాను మూసే బయటి పాలికార్బొనేట్ (వెలుతురు రానిచ్చే ప్లాస్టిక్) పలకలు పక్కకు జరిపేసి, నీడ పరదా వేసుకుంటారు. మోటార్లు లేవు, సెన్సర్లు లేవు. అన్నీ చేత్తో లాగేవే, అందుకే చెడిపోయేవి తక్కువ.

ఇంతకుముందే పారిస్ ఉత్తరాన బ్వా ల ప్రెత్ర్ టవర్‌లో ద్రువోతో కలిసి ఇదే పద్ధతి పరీక్షించారు. రేమండ్ లోపెజ్ గీసిన ఆ టవర్ 1961 నాటిది. 96 ఫ్లాట్లు. 2011లో పని ముగిసేసరికి విస్తీర్ణం 8,900 చదరపు మీటర్ల నుంచి సుమారు 12,460కి పెరిగింది. ఖర్చు 1.12 కోట్ల యూరోలు. కూల్చి మళ్లీ కట్టడానికి వేసిన అంచనా దాదాపు 2 కోట్లు. ఇంటిని వెచ్చబెట్టే ఖర్చు సగానికి పైగా తగ్గింది. ఒక భవనం కట్టేటప్పుడు వెలువడే కర్బనంలో పెద్ద వాటా దాని సిమెంటుకీ ఉక్కుకీ చెందుతుంది. ఆ ఖర్చు 1961లోనే అయిపోయింది. దాన్ని నేలమట్టం చేయకపోవడమే ఈ సంస్థ చేసిన అసలైన పర్యావరణ సేవ అని మా అభిప్రాయం. గోడకు మొక్కలు అతికించి గ్రీన్ బిల్డింగ్ అనడం కంటే ఇది ఎన్నో రెట్లు నిజమైనది.

లోపాలూ ఉన్నాయి. వరండా ఎంత లోతైతే పాత గది వెనక భాగానికి వెలుతురు అంత తగ్గుతుంది. స్లైడింగ్ తలుపులు గది వెడల్పునా పెట్టకపోతే ఇది నష్టమే. బయటి పాలికార్బొనేట్ గాజు కాదు. గీతలు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. మార్చే ఖర్చు మొదటి రోజే నిర్వహణ బడ్జెట్‌లో రాసుకోవాలి. మూసిన వరండాలో బట్టలు ఆరేస్తే తేమ చల్లటి పలకల మీద నీరై కారుతుంది. ఒక పలక బెత్తెడు తెరిచి ఉంచాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, చలికాలంలో లోపలి తలుపులు తెరిచి వరండాను కూడా గదిలా వెచ్చబెట్టుకోవడం. అప్పుడు ఇంధనం ఆదా అంతా పోతుంది. కాబట్టి తాళాలు ఇచ్చే రోజున ఏ రుతువులో ఏది తెరవాలో, ఏది మూయాలో ప్రతి ఇంటికీ చూపించి చెప్పడం ఈ డిజైన్‌లో భాగమే.

హైదరాబాద్‌లో ముప్ఫై, నలభై ఏళ్ల అపార్ట్‌మెంట్లను బిల్డరుకిచ్చి కూల్చేయించాలనుకునేవాళ్లు ఈ పద్ధతిని చూడాలి, కానీ యథాతథంగా తెచ్చుకోకూడదు. మన ఎండకు పాలికార్బొనేట్ వరండా పొయ్యిలా కాగుతుంది. ఆ పొర వదిలేసి, నీడనిచ్చే లోతైన బాల్కనీ వరకే తీసుకోవాలి. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి అక్కడ స్లాబ్ నీడ చాలదు, నిలువు జాలీ గానీ తడికెలు గానీ కావాలి. పైగా గ్రాండ్ పార్క్‌లో యజమాని ఒక్కరే, ఆకిటానిస్ అనే గృహనిర్మాణ సంస్థ. మన దగ్గర ప్రతి ఫ్లాటుకూ ఒక ఓనరు, అందరి సంతకాలూ కావాలి. చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లోకి పిల్లర్లు తేవాలంటే మున్సిపల్ అనుమతి వచ్చేదాకా ఏదీ మొదలుపెట్టలేం.

వీటికంటే ముందు పాత కాంక్రీటును పరీక్షించాలి. కాంక్రీటును తట్టి చూసే రీబౌండ్ హామర్ పరికరం ఒక్కటే నమ్మవద్దు, అది పై పొర గట్టిదనమే చెబుతుంది. కోర్ (డ్రిల్లుతో తొలిచి తీసిన కాంక్రీటు ముక్క) తీసి బలం చూడాలి. అప్పుడే పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ అనే రంగు మారే రసాయనం చల్లాలి. గులాబీ రంగు వస్తే లోపలి ఇనుముకు ఇంకా రక్షణ ఉన్నట్టు. ఇనుము దాకా రంగు రాకపోతే తుప్పుకు దారి తెరుచుకున్నట్టే, అక్కడ ముందు మరమ్మతు చేయాలి. తీయబోయే గోడ బరువు మోసేదా, పిల్లర్ల మధ్య నింపిన ఇటుక గోడా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ చూసి, చోట్ల చోట్ల తవ్వి చూసి చెప్పాలి.

ఇలాంటి పనుల్లో ఎక్కువగా దెబ్బతినేది పాత, కొత్త స్లాబులు కలిసే చోటు. పాత బిల్డింగ్ ఎప్పుడో నేలలోకి కుంగి నిలదొక్కుకుంది. కొత్త పిల్లర్లు బరువు పడ్డాక కాస్త కుంగుతాయి. రెండింటినీ గట్టిగా కలిపేస్తే గడప దగ్గర పగుళ్లొస్తాయి. అందుకే పక్కకు కదలనివ్వని, పైకీ కిందికీ జరగనిచ్చే కట్టు వేయాలి. సందులో నీళ్లు దూరకుండా సాగే సీలెంట్ నింపాలి. కొత్త స్లాబ్‌ను పాతదానికంటే కాస్త కిందుగా, వాలు బయటికి ఉండేలా పెట్టాలి. లేకపోతే మొదటి వానకే నీళ్లు హాల్లోకి వస్తాయి.