వార్ ఈగిల్ వంతెన: ఆగి చూడాల్సిన పాత ఇనుప వంతెన

అమెరికాలోని అర్కాన్సా రాష్ట్రంలో రోజర్స్ నుంచి తూర్పుకు వెళ్లి, హైవే 12 వదిలి పల్లె రోడ్డు పట్టుకుంటే వార్ ఈగిల్ క్రీక్ మీద ఈ వంతెన వస్తుంది. 1907లో కట్టారు. ఒకసారికి ఒక్క కారే పడుతుంది. అవతలి నుంచి ఎవరైనా ఎక్కేసి ఉంటే మనం ఇవతల ఆగాలి. చాలామంది వంతెన దాటి, పక్కనున్న మిల్లు దగ్గర నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. నా మాట విని కారు పక్కన పెట్టి ఏటి వైపు రండి. దీని అందం పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఇది పార్కర్ ట్రస్. ట్రస్ అంటే కడ్డీలను త్రికోణాలుగా బిగించిన చట్రం. 1870లో చార్లెస్ పార్కర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి. పై దూలం తిన్నగా సాగదు, మధ్యలో ఎత్తుగా ఉండి రెండు కొసలకూ మెట్టుమెట్టుగా దిగుతుంది. బరువుకు వంతెన వంగిపోయే ప్రమాదం నడిమధ్యలోనే ఎక్కువ, అందుకే ఎత్తు అక్కడ పెట్టి, కొసల్లో తగ్గించి ఉక్కు ఆదా చేశారు. ఒత్తిడి మోసే పై దూలం లావుగా ఉంటుంది, లాగుడు మాత్రమే తట్టుకునే కడ్డీలు సన్నగా ఉంటాయి. ఏ ముక్క ఏ పని చేస్తోందో కళ్లెదుటే కనిపించే కట్టడం ఇది! 1985లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. అయినా బండ్లు నడుస్తూనే ఉన్నాయి, నాకు అదే అన్నిటికంటే నచ్చింది. వాడుకలో ఉన్న వంతెననే జనం పట్టించుకుంటారు.

మిల్లు ప్రస్తుత భవనం 1973 నాటిది. నీటి చక్రంతో ఇప్పటికీ పిండి విసురుతారు. పై అంతస్తులో చిన్న హోటల్ ఉంది, బీన్స్, కార్న్‌బ్రెడ్ లాంటి మామూలు తిండి. శాకాహారులు బీన్స్‌లో మాంసం వేశారేమో ముందే అడగడం మంచిది.

బసకు రోజర్స్ లేదా బెంటన్‌విల్ నయం. ఏటి పక్కనే ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. దారిలోనే హాబ్స్ స్టేట్ పార్క్ ఉంది, అడవిలో నడక ఇష్టమైతే సగం రోజు దానికే ఉంచుకోండి. అక్టోబర్‌లో చేతివృత్తుల సంత జరిగే రోజుల్లో మాత్రం విపరీతమైన రద్దీ. వంతెన కోసమే వెళ్లేవాళ్లు మామూలు వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. పిల్లలుంటే చెయ్యి వదలకండి, కార్లు వెళ్లే దారిలోనే నడవాలి.

ఇంకో రోజు వీలైతే యురేకా స్ప్రింగ్స్ దగ్గర బీవర్ ఊళ్లో 1949 నాటి వేలాడే వంతెన కూడా చూడండి. అదీ ఒకే బండి దారే.